పీఠమెక్కిన ప్రాణము

ఒక నగరమున కొత్తగా అడుగిడిన మనుష్యునకు ఆ నగరచరిత్రను మొట్టమొదట బోధించునవి కూడళ్లలోని విగ్రహములు. ఇచ్చట ఎవరు గొప్పవారో, ఎవరిని చూచి తల వంచవలెనో అవి పెదవి కదపకయే చెప్పును. ఆ విగ్రహములలో తనవంటివారు ఒక్కరును కానరానిచోట పెరిగిన పిల్లకు అవి ఇంకొక మాటకూడ చెప్పును: ఈ ఊరి కథలో నీకు చోటు లేదని. ఈ మాటకు ఏమని బదులు చెప్పవలెనను ప్రశ్న నేడు పెక్కు దేశములలో కలవరము కలిగించుచున్నది. పడగొట్టుడని కొందరు, పడగొట్టినచో చరిత్ర నశించునని కొందరు, ప్రక్కన మరియొక విగ్రహమును నిలిపిన సరిపోవునని ఇంకను కొందరు వాదించుచున్నారు. దక్షిణాఫ్రికాకు చెందిన సెతెంబిలె మ్సెజానె అను కళాకారిణి ఈ మూటిలో దేనితోను సరిపెట్టుకొనలేదు. ఆమె తానే పీఠమెక్కి నిలిచెను. నిలువగలిగినంతసేపు నిలిచి, దిగి వెళ్లెను. ఆ నిలుపులో మనము నేర్వదగినది చాల ఉన్నదని చెప్పుటకే ఈ వ్యాసము.

మ్సెజానె 1991లో క్వాజూలు-నాటాలు ప్రాంతమున జన్మించెను. 1860 మొదలుకొని మన తెలుగువారు చెరకుతోటల కూలికై ఓడలెక్కి పోయిన నాటాలు సీమయే అది. ఆమె పుట్టిన సంవత్సరముననే ఆ దేశములో జనులను పుట్టుకను బట్టి జాతులుగా విభజించి పట్టికలకెక్కించిన 1950 నాటి శాసనము రద్దయ్యెను. 1994లో నెల్సన్ మండేలా అధ్యక్షపదవి స్వీకరించునాటికి ఆమె పసిపిల్ల. కనుక ఆమెతరము స్వేచ్ఛావాయువులు పీల్చి పెరిగిన తరమని లోకము చెప్పుకొనుచుండెను. కాని చదువు నిమిత్తము కేప్ టౌన్ నగరమునకు వచ్చి, అచ్చట కొన్నియేండ్లు నివసించిన పిమ్మట ఆమెకు కలిగిన అనుభవము వేరు. తన్ను పెంచిన స్త్రీలు, తన దేశమును నిలబెట్టిన స్త్రీలు ఆ నగరపు బాటలలో ఎచ్చటను కానరాలేదు. తాను అందరికళ్లయెదుట ఉండియు ఎవరికిని కనబడనిదాననైతినని ఆమెకు తోచెను.

ఆ భావము నిరాధారమైనది కాదు. పార్లమెంటు భవనమునెదుట గుఱ్ఱమెక్కిన లూయీ బోథా విగ్రహమున్నది. 1910లో ఏర్పడిన దక్షిణాఫ్రికా యూనియనునకు ఆయన తొలి ప్రధానమంత్రి. ఆయన ప్రభుత్వమే 1913లో భూమి శాసనమును చేసి, దేశమున అధికసంఖ్యాకులైన నల్లవారికి సుమారు నూటికి ఏడు పాళ్ల నేలను మాత్రము విడిచిపెట్టెను. భూమి పోగొట్టుకొన్నవారి మనుమలు, మునిమనుమలు నేటికిని ఆ గుఱ్ఱపు డెక్కలక్రింద నడచి పనులకు పోవలసినవారే.

2013 సెప్టెంబరు 24, ఆ దేశమున వారసత్వ దినోత్సవము. నాడు మ్సెజానె జూలూ సంప్రదాయవేషమును ధరించి, ఒక తెల్లని పీఠమును తెచ్చుకొని, బోథా విగ్రహమునకెదుట దానిపై నిశ్చలముగా నిలిచెను. ఉపన్యాసము లేదు, పాట లేదు, కరపత్రములును లేవు. ఒక కంచుమూర్తి, ఒక ప్రాణమున్న మూర్తి, ఈ రెండును ఒకే దృష్టిలో పడునట్లు చేసెను. అంతే. చూచినవానికి వెంటనే తట్టవలసిన ప్రశ్న తట్టెను: ఈ వారసత్వము ఎవరిది? ఇట్లు ఒక సంవత్సరకాలము, కార్మిక దినము, యువజన దినము మున్నగు ప్రభుత్వపు సెలవుదినములయందు వేరువేరు చోట్ల, వేరువేరు స్త్రీరూపములతో ఆమె నిలిచెను. సెలవుదినములను ఎన్నుకొనుటలో ఒక యుక్తి యున్నది. జాతి తన్ను తాను స్మరించుకొనుటకై ఏర్పరచుకొన్న దినములవి. ఆ స్మరణలో ఎవరు తప్పిపోయిరో అడుగుటకు అంతకంటె తగిన దినమేది?

ఈ కళను పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అని వ్యవహరింతురు. మనకు ఇది కొంత కొత్త. భరతుడు చెప్పిన నాలుగు అభినయములతో పోల్చి చూచినచో దీని స్వభావము తేటపడగలదు. మ్సెజానె ప్రదర్శనములందు వాచికము లేదు. ఆంగికము దాదాపు శూన్యము. ఆహార్యము మాత్రము సమృద్ధిగా ఉన్నది. ఆమె ధరించిన పూస, కట్టిన గుడ్డ, తలపై వేసిన ముసుగు ప్రతియొక్కటియు అర్థవంతమే. ఇక సాత్త్వికము మాటయేమి? అచ్చటనే భేదము. రంగస్థలముపై నటుడు అలసటను అభినయించును. తెర పడగానే ఆ అలసట తీరును. పీఠముపై నిలిచిన ఈ స్త్రీకి అలసట అభినయము కాదు. నిజముగానే కాళ్లు లాగును. నిజముగానే ఎండ చర్మమును కాల్చును. చెమటయు వణకును శాస్త్రములో సాత్త్వికభావములుగా చెప్పబడినవి. ఇచ్చట అవి ఎట్టి శిక్షణయు లేకయే వచ్చును. ప్రేక్షకుడు చూచుచున్నది ఒక పాత్రయొక్క కష్టమును కాదు, తనయెదుటనున్న మనిషి కష్టమును. కనుక అతడు మెచ్చుకొని ఊరకుండజాలడు. ఈమె ఇంకను ఎంతసేపు నిలుచును, ఎందుకు నిలిచినది, అని అడుగక తీరదు.

2014 ఆగస్టు 9, స్త్రీల దినము నాటి ప్రదర్శనము దీనికి మంచి నిదర్శనము. 1956లో అదే దినమున సుమారు ఇరువదివేలమంది స్త్రీలు ప్రిటోరియాలోని యూనియన్ బిల్డింగ్స్ అను ప్రభుత్వభవనములకు నడచిపోయి, నల్లవారు ఎల్లవేళల అనుమతిపత్రములను వెంట నుంచుకొనవలెనను శాసనమును ధిక్కరించిరి. ఆ స్మృతికై ఏర్పడినదే ఆ పండుగ. కాని ఆ దేశముననే, పొట్టిదుస్తులు ధరించిరను నెపముతో టాక్సీల అడ్డాలవద్ద స్త్రీలను పట్టుకొని అవమానించిన ఉదంతములును జరిగినవి. పండుగకును బ్రతుకునకును గల ఈ వైరుధ్యమును ఎట్లు చూపవలెను? మ్సెజానె తన ముత్తవ్వ వేషమును ధరించి, ఆ కాలపు స్త్రీలవలెనే వక్షమును కప్పుకొనక, కేప్ టౌన్ సమీపమున నల్లవారు నివసించు లాంగాలో టాక్సీల అడ్డా దగ్గర పీఠమెక్కెను. ఇది సాహసమే. కాని సాహసముకొరకు చేసిన సాహసము కాదు. ముత్తవ్వకు సిగ్గు కాని దేహము మునిమనుమరాలికి అపాయకారణమెట్లయ్యెనని ఆమె అడిగినట్లయినది. దారినపోవు స్త్రీలు నిలిచి హర్షధ్వానములు చేసిరి. ఇది బొమ్మయా, మనిషియా అని సంశయించినవారును ఉండిరి. ఆ సంశయమే ఆమె కోరిన ఫలము.

ఇక ఆమెకు లోకప్రఖ్యాతి తెచ్చిన ప్రదర్శనమునకు వత్తము. దానికి పూర్వరంగముగా ఇద్దరిని ఎరుగవలెను: ఒక మనుష్యుని, ఒక పక్షిని.

మనుష్యుడు సెసిల్ రోడ్స్. 1853లో ఇంగ్లండులో పుట్టి, దక్షిణాఫ్రికా వజ్రపుగనులలో అపారధనము గడించి, 1890 నుండి 1896 వరకు కేప్ కాలనీకి ప్రధానమంత్రిగా ఉండెను. నల్లవారు తమ పొలములను విడిచి తెల్లవారివద్ద కూలికి పోవునట్లు ఒత్తిడి కలిగించు పన్నును విధించిన 1894 నాటి గ్లెన్ గ్రే శాసనము ఆయన చేసినదే. లింపోపో నదికి ఉత్తరమున ఆయన కంపెనీ ఆక్రమించిన దేశమునకు ఆయన పేరే పెట్టిరి. అదియే రొడీషియా, నేటి జింబాబ్వే. కేప్ టౌన్ విశ్వవిద్యాలయము ఆయన విడిచిపోయిన గ్రూట్ స్కూర్ ఎస్టేటు నేలపై కట్టినది. అందుచేత 1934లో అచ్చట ఆయన కాంస్యవిగ్రహమును నెలకొల్పిరి. చుబుకమునకు చేయి ఆనించి, కుర్చీలో కూర్చుండి, క్రిందనున్న మైదానములను చూచుచు ఏదియో యోచించుచున్నట్లుండు ఆ విగ్రహమును చెక్కినది మేరియన్ వాల్‌గేట్ అను స్త్రీ. నగరపు విగ్రహములలో స్త్రీకి చోటు లేకున్నను విగ్రహములు చేయు పనిలో ఉండెనన్నమాట.

పక్షి కథ మరింత విచిత్రము. జింబాబ్వే దేశమునకు ఆ పేరు నిచ్చిన ప్రాచీన శిలానగరమున, మెత్తని రాతితో చెక్కిన ఎనిమిది పక్షిమూర్తులుండెను. అవి చపుంగు అను డేగకు రూపములని కొందరు, చేపలను వేటాడు మరియొక డేగకు రూపములని కొందరు పండితులు చెప్పుదురు. 1889లో విల్లీ పోసెల్ట్ అను వేటగాడు వానిలో ఒకదానిని తొలగించి తెచ్చి రోడ్సునకు అమ్మెను. రోడ్స్ దానిని తన గ్రూట్ స్కూర్ గృహమున ప్రతిష్ఠించుకొని, మెట్లప్రక్క అలంకారములుగా దాని నమూనాలను చేయించుకొనెను. మిగిలినవానిలో కొన్ని కేప్ టౌన్ మ్యూజియమునకు చేరినవి. జింబాబ్వే స్వతంత్రమైన మరుసటి యేడు, 1981లో, ఆ మ్యూజియము తనయొద్దనున్న పక్షులను తిరిగి యిచ్చెను. ఊరక యియ్యలేదు, తేనెటీగలు కందిరీగలు మున్నగు కీటకముల ప్రసిద్ధ సంగ్రహమును బదులుగా పుచ్చుకొనెను. ఒక జాతి ఆరాధ్యమూర్తులకు కట్టిన వెల అది! రోడ్స్ ఇంటిలోని పక్షి మాత్రము అప్పుడు తిరిగిపోలేదు. 2015లో మన కథ జరుగునాటికిని అది ఆ ఇంటనే ఉండెను. రోడ్స్ దేహమో, జింబాబ్వేలోని మతోపో కొండలపై సమాధియందున్నది. ఆ దేశపు పక్షి ఈయన ఇంట, ఈయన సమాధి ఆ దేశపు కొండపై!

2015 మార్చి 9న చుమాని మాక్స్వెలె అను విద్యార్థి, మరుగుదొడ్ల సౌకర్యము సరిగా లేని ఖాయెలిత్షా అను పేదల వాడనుండి తెచ్చిన మలమును రోడ్స్ విగ్రహముపై చల్లెను. ఆ చేష్టను పలువురు అసహ్యించుకొనిరి. కాని ఆ అసహ్యము ఎవరి నిత్యజీవితమో వారికి తెలియవచ్చెను. ఉద్యమము రగిలెను. ఒక నెల గడచునప్పటికి, ఏప్రిల్ 8న, విశ్వవిద్యాలయ పాలకమండలి విగ్రహమును తొలగింప తీర్మానించెను. మరునాడే క్రేనును తెచ్చిరి.

ఆ దినమున మ్సెజానె అచ్చటికి వచ్చెను. ఆమె ఆ విశ్వవిద్యాలయముననే లలితకళలు అభ్యసించుచున్న విద్యార్థిని. నల్లని బిగుతు దుస్తులు, ముఖమునకు పూసల ముసుగు, కాళ్లకు ఎత్తుమడమల జోళ్లు, చేతులకు కేశములతో అల్లిన రెక్కలు, ఇవి ఆమె వేషము. చపుంగు పక్షిగా ఆమె పీఠమెక్కెను. దాదాపు నాలుగుగంటలు ఎండలో నిలిచి, నడుమ నడుమ రెక్కలనెత్తి, మరల దించుచుండెను. ఆ రెక్కలు కేశములతో చేసినవగుట గమనింపదగినది. వర్ణవివక్ష నాటి అధికారులు ఒక మనిషి ఏ జాతివాడో తేల్చుటకు జుట్టులో పెన్సిలు గుచ్చి, అది జారిపడునో నిలుచునో చూచెడివారు. అవమానమునకు కొలబద్దయైన వస్తువే ఇచ్చట ఎగురుటకు సాధనమయ్యెను. ఆమె వెనుక క్రేను రోడ్స్ విగ్రహమును గాలిలోనికి లేపెను. ఆమె రెక్కలు పైకెత్తియుండెను. జనుల చేతులలోని ఫోనులన్నియు విగ్రహమువైపు తిరిగియుండెను. ఆ క్షణమున తీసిన ఛాయాచిత్రము లోకమంతట వ్యాపించెను. దిగునది దిగుచుండగా లేచునది లేచుచున్నట్లు అందు కనబడును.

ఆక్షేపణలు లేకపోలేదు. వానిని విచారింపక ప్రశంసించుట విమర్శ కానేరదు.

మొదటిది, ఇది కళయా, వట్టి వేషమా యనునది. పగటివేషములను చూచి పెరిగిన జాతివారమైన మనము ఈ మాట అనుట తగదు. వేషము కళ యగుటకు చాలునా చాలదా యనునది ఆ వేషము వేసిన చోటును, కాలమును బట్టి తేలును. మ్సెజానె చేసినదానిని ఒక నాటకశాలలో చేసినచో సగము అర్థము పోవును. బోథా ఎదుటనో, టాక్సీల అడ్డావద్దనో, క్రేను ప్రక్కనో చేసినందున అది సంపూర్ణమయ్యెను.

రెండవది మరింత బలమైనది. దేహము అలసి దిగిపోవును గాని ఛాయాచిత్రము దిగిపోదు. అది చట్రములలో బిగింపబడి గోడలకెక్కును. ఇంతలో అదియు ఒక విగ్రహమే కాదా? ఈ ప్రమాదము నిజమే. ఒక్క చిత్రముచేత ప్రసిద్ధి పొందిన కళాకారులు ఆ చిత్రమునకు బందీలగుట కలదు. కాని మ్సెజానె అచ్చటనే ఆగిపోలేదు. 2017లో కేప్ టౌన్ నగరమున ఆమె తొలి ఏకవ్యక్తి ప్రదర్శనము జరిగెను. దానికి ఆమె 'క్వాసుకాసుకెలా' అని పేరు పెట్టెను. జూలూ అవ్వలు కథ మొదలుపెట్టునప్పుడు పలుకు మాట అది. మన 'అనగనగా' వంటిది. రాతిపై చెక్కిన చరిత్రకు బదులు అవ్వనోట విన్న చరిత్రను ఆశ్రయించుట ఆ పేరులోనే తెలియుచున్నది. ఆ యేడే కేప్ టౌన్ విశ్వవిద్యాలయమున లలితకళలలో ఎం.ఎఫ్.ఏ. పట్టమునందెను. అదే సంవత్సరము టాంజానియాలోని అరూషాలో చేసిన ప్రసంగమున, అసలు మనకు విగ్రహములే అక్కరలేదనియు, స్మరణకు అంతకంటె మంచి త్రోవలు కలవనియు ఆమె స్పష్టముగా చెప్పెను.

ఇచ్చట నేను ఆమెతో పూర్తిగా ఏకీభవింపజాలను. తరతరములుగా చరిత్రలో పేరు లేకుండిన జనులు తమ నాయకుని ఒకనిని రాతిలోనో కంచులోనో చూచుకొనగోరుట పరిహసింపదగిన కోరిక కాదు. అది ఆత్మగౌరవమునకు సంబంధించినది. వారికి విగ్రహము వలదని చెప్పు అధికారము, ఇదివరకే విగ్రహములున్నవారికి లేదు. కాని ఆమె వాదములో నేను కాదనలేని అంశమొకటి యున్నది. రాతితో వాదింపజాలము. దాని ముఖమున ప్రశ్న వేసినను అది మారుపలుకదు. మనిషితో వాదింపవచ్చును.

ఈ సత్యము మనకు ఎంత దగ్గరిదో ఒక్క ఉదాహరణము చాలును. రోడ్స్ విగ్రహము తొలగిన ఆ ఏప్రిల్ నెలలోనే జొహానెస్‌బర్గ్ నగరమున గాంధీమహాత్ముని విగ్రహముపై తెల్లరంగు చల్లిరి. 2016 జూనులో మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఘనా విశ్వవిద్యాలయమున ఆవిష్కరించిన గాంధీ విగ్రహమును, అచ్చటి ఆచార్యుల అభ్యంతరముచేత 2018 డిసెంబరులో తొలగించిరి. దక్షిణాఫ్రికాలో నివసించిన తొలి సంవత్సరములలో ఆఫ్రికావారిని చిన్నచూపు చూచుచు ఆయన వ్రాసిన మాటలు వారి అభ్యంతరమునకు కారణము. రోడ్స్ విగ్రహము తొలగినప్పుడు సంతోషించిన భారతీయుడు ఈ వార్త విని నొచ్చుకొనును. నొచ్చుకొనుట సహజమే, రోడ్సును గాంధీని ఒక త్రాసులో తూచుట న్యాయమును కాదు. కాని నొచ్చుకొని ఊరకుండుట చాలదు. ఆ మాటలు వ్రాసిన యువకుడు తరువాత ఎట్లు మారెనో చెప్పుటకు ఆ విగ్రహమునకు నోరు లేదు. ఆ పని ఆయనను గౌరవించు మనుష్యులు చేయవలెను. ఆ మాటలచేత గాయపడినవారిముందు నిలిచి, వారి ప్రశ్న విని, బదులు చెప్పవలెను. విగ్రహమును పంపి ఊరకుండుట సులభము. మ్సెజానె చేసినట్లు దేహముతో నిలుచుట కష్టము.

ఎదుటిపక్షము వారుకూడ అట్లు నిలువరా యని అడుగవచ్చును. నిలిచిరి. ఆ ఏప్రిల్ నెలలోనే ప్రిటోరియాలో పాల్ క్రూగర్ విగ్రహమును కాపాడుటకై ఒక శ్వేతజాతి గాయని తన్ను తాను దానికి గొలుసుతో బంధించుకొనెను. ఆమె పక్షము నాకు సమ్మతము కాదు. ఐనను ఆమె విగ్రహముకంటె మేలు. ఆమెను ఎందులకని ప్రశ్నింపవచ్చును, ఆమె చెప్పు సమాధానము సరికాదని నిరూపింపవచ్చును. ఒక విగ్రహమును గూర్చిన తగవు మనుష్యులమధ్యకు వచ్చినపుడే తీరు మార్గము కలుగును. ఆ తగవును రాతియొద్దనుండి మనుష్యులయొద్దకు తెచ్చుటయే మ్సెజానె కళ సాధించిన ప్రయోజనమని నేను తలచెదను.

విగ్రహమును తొలగించిన పిమ్మట విశ్వవిద్యాలయమున దాని పీఠము మిగిలిపోయెను. దాని చెంత మెట్లపై రోడ్స్ విగ్రహపు నీడను ఎవరో రంగుతో చిత్రించిరి. విగ్రహము పోయినను నీడ పోదని దాని భావము కావచ్చును. భూమి సమస్య తీరలేదు, పేదవాడల దుఃస్థితి తీరలేదు, కనుక ఆ నీడ అబద్ధము కాదు. విగ్రహమును దింపుటకు ఒక క్రేను, ఒక సాయంకాలము చాలినవి. నీడను తుడుచుటకు ఎన్నియో ఏండ్లు, ఎందరో మనుష్యులు కావలెను. వారిలో ప్రతియొక్కరును కొంతసేపు నిలిచి, అలసి, దిగి, తరువాతివారికి చోటు విడువవలసినవారే. పీఠము శాశ్వతముగా ఒకరిది కారాదని ఎండలో నాలుగుగంటలు నిలిచి చూపిన ఆ యువతికి మనము కృతజ్ఞులమై యుండవలెను.